గోడ కట్టనేల, గునపం పట్టనేల

పాలు పొంగించి పొయ్యి ఆర్పినవాళ్ళున్నారు, ఉప్పనుకుని పంచదార వేసి పులుసు చెడగొట్టినవాళ్ళున్నారు. కానీ కోడలికి సాయం చేద్దామని సొంత పెరట్లో గోడ కట్టించి, ఆ గోడని ఆ పిల్ల ఉద్యోగానికే అడ్డంగా నిలబెట్టిన అత్తగారిని మీరు చూసి ఉండరు. చూడాలనుంటే భిలాయి రండి. మరోదా స్టేషన్లో దిగి "గోడ వరాలమ్మ ఇల్లెక్కడ?" అని అడగండి. ఎవరైనా చూపిస్తారు. నవ్వకుండా మాత్రం చూపించరు.

నాలుగేళ్ళ కిందటి మాట ఇది. అప్పుడు నాకు బుద్ధి లేదని అనుకోకండి. ఉంది. ఉన్నదంతా ఒక్క శనివారం నాడు ఖర్చుపెట్టేశాను.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మా ఆయనది స్టీలు ప్లాంటులో ఉద్యోగం. పెళ్ళయిన కొత్తలో శ్రీకాకుళం వైపు నుంచి నన్ను తెచ్చి ఈ క్వార్టర్లో దింపారు. ఇక్కడి క్వార్టర్లన్నీ ఒక ఇడ్లీ రేకులోంచి తీసినట్టుంటాయి. అదే గుమ్మం, అదే కిటికీ, అదే పెరడు. కొత్తలో నేను రెండుసార్లు వేరేవాళ్ళింట్లోకి కూరల సంచితో నడిచి వెళ్ళి, వాళ్ళ వంటింట్లో మంచినీళ్ళు కూడా తాగి వచ్చాను.

మా వెనక క్వార్టరు ఎస్తేరమ్మది. వాళ్ళది కాకినాడ. ఆవిడ నన్ను వదినగారూ అంటుంది, నేనూ ఆవిణ్ణి వదినా అంటాను. మా రెండు పెరళ్ళ మధ్యా ఇటుక గోడ ఒకటుండేది. ఒక వానాకాలం అందులో నాలుగిటుకలు రాలాయి. కూరగిన్నె పట్టేంత సందు. సరే, కూరగిన్నెలు వెళ్ళడం మొదలైంది. తర్వాత పిల్లలు పాకడం నేర్చారు. పిల్లలు పట్టాలి కదా, మరి కొన్ని ఇటుకలు తీశాం. ఆ తర్వాత మా ఇంట్లో పండక్కి గ్యాసు అయిపోయింది, వాళ్ళ సిలిండరు పట్టాలి కదా, ఇంకొన్ని తీశాం. అలా అవసరం పెరిగినకొద్దీ కన్నం పెరిగి, చివరికి మనిషి కాస్త తలవంచి నడిచేంత దారి అయింది. ఏళ్ళ తరబడి చేతులూ చీరలూ రాసుకుని దాని అంచులు కుండ మూతిలా నున్నబడ్డాయి. గోడలకు చెవులుంటాయంటారు. మా గోడకు ఏకంగా నోరే ఉండేది.

ఇక మా కోడలు శిరీష. పుట్టింది పెరిగింది భిలాయిలోనే, అందుకని దాని తెలుగులో సగం హిందీ. రాయపూర్ దగ్గర ఒక కాలేజీలో ఇళ్ళు కట్టే చదువు చెబుతుంది. ఆ ఉద్యోగం పర్మనెంటు కావాలంటే ఏదో పెద్ద పత్రికలో దాని వ్యాసం అచ్చవ్వాలట. అచ్చయితే ఉద్యోగం, లేకపోతే ఆ ఏడాదితో నమస్కారం. అందుకని ఆ నెలంతా మా ముందుగదిలో కంప్యూటరు ముందు కూర్చుని రాయడం, కొట్టేయడం, మళ్ళీ రాయడం.

"ఏటే అమ్మా, రాసిందే కొట్టేస్తన్నావు?" అని అడిగాను ఒకరోజు.

"మాటలు ఎక్కువయ్యాయి అత్తయ్యా. వాళ్ళు చెప్పినన్నే ఉండాలి."

చారు ఎక్కువైతే పక్కింటికి ఇస్తాం. మాటలు ఎక్కువైతే ఏం చేస్తారో నాకు ఈరోజుకీ తెలియదు.

అసలు కొంప మునిగింది శుక్రవారం సాయంత్రం. నేను వంకాయలు తరుగుతున్నాను. శిరీష ఆ వ్యాసం మొదటి పేజీలో తన పేరు తుడిచేస్తోంది. నా కళ్ళారా చూశాను.

"అదేటే! ఇంత కష్టపడి రాసి నీ పేరు నువ్వే తీసేస్తన్నావా?"

"తీసేయాలి అత్తయ్యా. దీన్ని ఇద్దరు చూస్తారు. నేనెవరో వాళ్ళకి తెలియకూడదు, వాళ్ళెవరో నాకు తెలియకూడదు."

"ఎందుకూ?"

"తప్పులు పట్టడానికి. మొహమాటం లేకుండా."

"ఏటి తప్పులు?"

"అన్నీ. ప్లాను, కొలతలు, ఫోటోలు. చాలా స్ట్రిక్ట్. కుఛ్ భీ గడ్‌బడ్ హువా తో, సీదా రిజెక్ట్. కాస్త తేడా కనబడినా తిప్పి పంపేస్తారు."

నా చేతిలో వంకాయ ఆగిపోయింది. లేచి వెళ్ళి దాని భుజం మీదుగా చూశాను. కంప్యూటరులో మా ఇంటి బొమ్మ! మా వంటగది, మా పెరడు, గోడ. ఆ గోడలో మా దారి దగ్గర ఎర్రరంగు పూసి, పక్కన ఒక బాణం గుర్తు.

"ఈ ఎరుపేటే?"

"క్వార్టరు కట్టినప్పుడు ప్లానులో లేనిది అదే కదా అత్తయ్యా. అందుకే ఎర్రగా చూపించాను. నా పేపరుకి అదే జాన్, అదే ప్రాణం. ఇందులో ఫోటోలు మసగ్గా ఉన్నాయని పెద్ద కెమెరాతో మళ్ళీ తీయాలి. ఆదివారం తీస్తాను, సోమవారం పంపాలి."

ఇప్పుడు మీరే చెప్పండి. క్వార్టర్లలో ఉన్నవాళ్ళకి ఈ మాటలు ఎలా వినబడతాయి? ప్లానులో లేనిది. ఎర్రగుర్తు. పేరు చెప్పని ఇద్దరు మనుషులు. కొలతలు చూస్తారు, తప్పులు పడతారు. మాకు ఇక్కడ అన్నిటికంటే పెద్ద భయం క్వార్టర్ల ఆఫీసు. గోడ కదిపినా, రేకు వేసినా ఎవరో చెప్పాపెట్టకుండా వస్తారు, చూస్తారు, తలుపు మీద నోటీసు అతికించి పోతారని ఇంటింటా చెప్పుకుంటారు. ఎవరింటికి వచ్చారో ఎవరికీ తెలియదు, కానీ వస్తారని అందరికీ తెలుసు. పైగా మా ఆయన రిటైరుమెంటుకి ఇంకో ఐదేళ్ళే ఉంది. క్వార్టరు ఎలా ఇచ్చారో అలా అప్పజెప్పాలి.

పాపం పిచ్చిపిల్ల! చదువుకుంది కానీ లోకం తెలియదు. తన అత్తింటి తప్పుని తానే ఎర్రరంగు పూసి, బాణం పెట్టి మరీ ఆఫీసువాళ్ళ చేతికి ఇస్తోంది.

నేను దాన్ని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. వంకాయల మీద ఉప్పునీళ్ళు పోసి, తల వంచుకుని దారిలోంచి ఎస్తేరమ్మ దగ్గరికి వెళ్ళాను.

"ఏమైందండీ వదినగారూ, మొహం అలా వాడిపోయింది?"

"వదినా, మన దారికి రోజులు చెల్లిపోనాయి."

అంతా చెప్పాను. విన్నది విన్నట్టు చెబితే నేను వరాలమ్మని ఎందుకవుతాను? ఇద్దరు అన్నదాన్ని ఇద్దరు ఆఫీసర్లు అన్నాను. జీపు కూడా ఒకటి ఎక్కడినుంచో వచ్చి చేరింది.

ఎస్తేరమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "యేసయ్యా! సోమవారమేనాండి?"

"సోమవారం కాయితం ఎలిపోద్ది. ఆళ్ళు ఎప్పుడొస్తారో ఆళ్ళకే ఎరుక."

"మరి శిరీషమ్మకి చెప్పొద్దాండి?"

"వద్దు. దానికసలే బుర్ర వేడెక్కిపోయుంది. బేగి మూసీసి, అంతా అయ్యాక చెప్దాం. సంతోషిస్తాది."

సంతోషిస్తాదట! నా నోట్లో పంచదార పోయాలి.

శనివారం దారి సుగమం అయింది, అంటే దారి మూయడానికి అన్నమాట. శిరీష కాలేజీ నుంచి నేరుగా పుట్టింటికి వెళ్ళి, వాళ్ళ తమ్ముడి కెమెరా తీసుకుని, రాత్రి అక్కడే పడుకుని ఆదివారం పొద్దున్నే వస్తానంది. మా అబ్బాయి ఊళ్ళో లేడు. మా ఆయనకి సెకండ్ షిఫ్టు. ఆయన స్కూటరు సందు తిరగ్గానే బిసాహు మిస్త్రీని పిలిపించాను.

అతను దారిని చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ దారిని చూశాడు.

"దాయీ, అచ్ఛా ఖాసా రస్తా హే. కాబర్ బంద్ కరత్ హస్?" ఇంత మంచి దారి ఎందుకు మూస్తావమ్మా అని.

"ఊపర్ సే ఆర్డర్ హై," పైనుంచి ఆర్డరు అన్నాను. భిలాయిలో ఈ మాట అంటే ఇంక ఎవరూ ఏమీ అడగరు.

గోడ లేస్తోంది. ఇటు నేను, అటు ఎస్తేరమ్మ, కన్నంలోంచి ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డాం, రైలు కిటికీ దగ్గర సాగనంపే చుట్టాల్లాగ. మొదట ఆవిడ కాళ్ళు కనబడకుండా పోయాయి. తర్వాత నడుము. మెడ దాకా వచ్చేసరికి ఇద్దరికీ ఏడుపొచ్చింది.

"పనమ్మాయి వస్తే కేకెయ్యండి వదినగారూ."

"ఎలగ వెయ్యనే వదినా, గోడ అడ్డు కదా!"

ఇంతలో మిస్త్రీకి టీ ఇవ్వాలని గుర్తొచ్చింది. ఎస్తేరమ్మ పొయ్యి మీద టీ మరుగుతోంది. నేను ఏం చేశానంటే, ఏళ్ళ అలవాటు కదా, మిస్త్రీ ఒక పక్కన ఇంకా మూయకుండా ఉంచిన సందులోంచి ఒదిగి దూరి వాళ్ళింట్లోకి వెళ్ళాను. గ్లాసుల్లో పోసుకుని పళ్ళెం పట్టుకుని బయటికి వచ్చేసరికి మిస్త్రీ ఆఖరి ఇటుక పెట్టి, తాపీతో రెండు దెబ్బలు కొట్టి, "హోగే దాయీ!" అని, అంటే అయిపోయిందమ్మా అని, అటువైపు నుంచి అరిచాడు.

నేను ఇటువైపు ఉన్నాను. మా ఇల్లు అటువైపు ఉంది.

టీ పళ్ళెం పట్టుకుని, ఎస్తేరమ్మ గుమ్మం దిగి, వీధి చివరిదాకా నడిచి, అక్కడ నన్నెప్పుడూ చూడని కుక్క ఒకటి వెంటబడితే కొంగు ఎగ్గట్టి, మలుపు తిరిగి మా సందులోకి వచ్చాను. మా పెరళ్ళు ఆనుకునే ఉంటాయి కానీ గుమ్మాలు వేరువేరు వీధుల్లో ఉంటాయి, అదీ ఈ టౌనుషిప్పు అందం. దారిలో కనబడిన ప్రతివాళ్ళూ "క్యా వరాలు దీదీ, టీ అమ్ముతున్నావా?" అనడమే. ఇంటికి చేరేసరికి టీ చల్లారింది. మిస్త్రీ వెళ్ళిపోయాడు.

అక్కడితో ఆగానా? గోడ కొత్తది కొత్తదిలా మెరుస్తోంది. ఆఫీసువాళ్ళు కనిపెట్టేయరూ? చల్లారిన టీ అంతా దాని మీద చల్లాను. పైన బూడిద కొట్టాను. తులసికుండీ తెచ్చి ముందు పెట్టాను. అటువైపు ఎస్తేరమ్మ కూడా టీ చల్లిన చప్పుడు వినబడింది. నా తెలివికి నేనే మురిసిపోయి దిష్టి తీసుకుందామనుకున్నాను.

ఆదివారం పొద్దున్న. ఎండ లేతగా ఉండగానే ఫోటో తీయాలని శిరీష పక్కసందు తలుపు తీసుకుని నేరుగా పెరట్లోకి వచ్చింది. మెడలో కెమెరా. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. గోడ ముందు నిలబడింది. కెమెరా కంటికి ఆనించింది. దించింది. మళ్ళీ ఆనించింది. కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది.

"సారీ ఆంటీ, గలత్ ఘర్ మే ఆ గయీ," అని గట్టిగా అని, వేరేవాళ్ళింట్లోకి వచ్చాననుకుని గబగబా బయటికి వెళ్ళిపోయింది!

సందులో తలుపు మీద క్వార్టరు నంబరు చదువుకున్న చప్పుడు. మళ్ళీ లోపలికి వచ్చింది. తీగ మీద ఆరేసిన తన చున్నీనే చేత్తో పట్టుకుని చూసుకుంది.

"అత్తయ్యా!"

"ఏటమ్మా," అంటూ ఏమీ తెలియనట్టు వెళ్ళాను.

"దారి... దారి ఏది?"

"ఏ దారమ్మా?"

"ఇక్కడి దారి!"

"ఇక్కడ ఎప్పుడూ గోడే కదమ్మా," అన్నాను సందువైపు తిరిగి, బయట ఎవరున్నా వినబడేలా.

ఆ పిల్ల మొహం చూడాలి మీరు. నెలరోజుల నుంచి నిద్రలేని పిల్ల. ఉన్న దారిని ఊహించుకుని వ్యాసం రాశానా అన్న అనుమానం దాని కళ్ళలో నిజంగా కనబడింది.

"మరి నేను కొలతలు తీసుకున్నాను కదా అత్తయ్యా?"

"గట్టిగా అనకే! ఆళ్ళు వింటారు."

"ఎవరు?"

"ఆ ఇద్దరూ."

"ఏ ఇద్దరు?"

"నీ పేరు తెలీని ఇద్దరు!"

సరిగ్గా అప్పుడే మా ఆయన నిద్రలేచి పెరట్లోకి వచ్చారు. ఆదివారం పొద్దున్న పేపరు చదువుకుంటూ దారిలోంచి వెళ్ళి ఎస్తేరమ్మ ఇంట్లో కాఫీ తాగడం ఆయనకి మా పెళ్ళినాటి ప్రమాణాల కంటే గట్టి అలవాటు. కళ్ళు పేపర్లో ఉన్నాయి. కాళ్ళు వాటంతటవే నడుస్తున్నాయి. దారి దగ్గరికి రాగానే అలవాటుగా తల కూడా వంచారు. వంచిన తలతో తులసికుండీ దాటి గోడని ఢీకొట్టారు.

"ఓరి నాయనో! ఏటే ఇది?"

గోడ అవతలినుంచి ఎస్తేరమ్మ గొంతు: "అన్నయ్యగారూ, దెబ్బ తగిలిందాండి? కాఫీ చుట్టూ తిప్పి పంపమంటారా?"

ఇక దాచేదేముంది? చెప్పాను. ఆఫీసు, నోటీసు, జీపు, అన్నీ. శిరీష బట్టలుతికే బండ మీద కూలబడింది.

"అత్తయ్యా, వాళ్ళు ఆఫీసువాళ్ళు కాదు. నాలాంటి మాస్టర్లు. ఏ దేశంలో ఉన్నారో కూడా తెలీదు. కాగితం చదువుతారు, అంతే. ఇక్కడికెవరూ రారు."

"రారా?"

"రారు."

"జీపు?"

"జీప్ కహా సే ఆయీ! జీపెక్కడిది!" అని చేతుల్లో మొహం దాచుకుంది. "కట్టేవాళ్ళు ఇచ్చిన ఇంటిని ఉండేవాళ్ళు తమకు కావలసినట్టు ఎలా మార్చుకుంటారో, అదే నేను రాసింది. మీరూ ఎస్తేరు ఆంటీ చేసిన ఈ దారే నా పేపరు మొత్తం. తప్పు అని కాదు, గొప్ప అని రాశాను. ఇప్పుడు గోడకి ఫోటో తీసి పంపనా? రేపు ఆఖరి రోజు."

మా పెరటి కన్నం గొప్పదని పెద్ద పత్రికకి రాసిన కోడలు. ఆ గొప్పని టీ నీళ్ళు చల్లి పూడ్చిన అత్తగారు.

మా ఆయన నుదురు రుద్దుకుంటూ గోడని గోటితో గీకారు. "సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. గునపం ఎక్కడే?"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. గోడ కట్టనేల, గునపం పట్టనేల అని వాళ్ళకి తోచలేదు, మా ఇంటికి రాలేదు కాబట్టి. ఇటునుంచి ఆయన గునపం, అటునుంచి ఎస్తేరమ్మ రోకలి. మధ్యాహ్నం దాకా దబాదబా. పక్కసందులో జనం పోగయ్యారు. "ఏం జరుగుతోంది?" అని ఒకరు అడిగితే, "నిన్న కట్టారు, ఇవాళ కూలుస్తున్నారు, ఊపర్ సే ఆర్డర్ అట," అని ఇంకొకరు చెబుతున్నారు.

చివరికి ఇటుకలు విరిగి, దుమ్ములోంచి ఎస్తేరమ్మ మొహం కనబడింది. తలంతా బూడిద. ఒక చేతిలో రోకలి, ఒక చేతిలో మా ఆయన కాఫీ గ్లాసు.

దారి వచ్చింది కానీ పాత దారి రాలేదు. నున్నటి అంచులు పోయి, పళ్ళూడిన నోరులా గరుకుగా ఉంది. నేను ఊరుకోలేక, "ఉండవే, కాస్త టీ చల్లితే పాతదాన్లాగే..." అంటూ నా టీ గ్లాసు ఎత్తాను.

"ఖబర్దార్ అత్తయ్యా! ఏమీ చల్లొద్దు. ఉన్నది ఉన్నట్టే తీయాలి. లేకపోతే అది మోసం."

అలాగే తీసింది. సోమవారం పంపింది. ఆ రోజు నుంచీ నేను మొక్కని దేవుడు లేడు. ఎస్తేరమ్మ వాళ్ళ చర్చిలో కూడా ప్రార్థన చేయించింది. పేరు తెలియని ఇద్దరి కోసం రెండు మతాలవాళ్ళం మొక్కాం.

కొన్ని నెలలకి జవాబు వచ్చింది. శిరీష చదివి తెలుగులో చెప్పింది. మొదటాయన అంతా బాగుందన్నాడట. రెండో ఆయన ఉన్నాడే, వాడి కళ్ళు కాకికళ్ళు! "ఈ దారి ఏళ్ళనాటిదని రాశారు. ఫోటోలో ఇటుకలు నిన్న విరగ్గొట్టినట్టున్నాయి. సిమెంటు పచ్చిగా ఉంది. గోడ మీద గోధుమరంగు మరకలున్నాయి, అవేమిటి? రచయిత వివరించాలి" అన్నాడట.

"వచ్చేశాడే! వాడు ఇక్కడికి వచ్చి చూసే ఉంటాడు!" అన్నాను.

"రాలేదు అత్తయ్యా. ఫోటోలోనే పట్టాడు."

"మరిప్పుడేటి చేస్తావు? ఉద్యోగం..."

"ఏముంది, నిజమే రాస్తాను."

రాసింది. పాత మసక ఫోటో కూడా సాక్ష్యానికి జతచేసింది. వ్యాసం అచ్చయింది, ఉద్యోగం నిలబడింది. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న ఆ సంగతి చదివి వినిపించమంటే వినిపించింది: "తనిఖీ జరుగుతుందన్న భయంతో ఇంటి గృహిణి ఈ దారిని ఒకరోజు మూయించింది. కొత్తగోడ పాతదిగా కనబడేందుకు దానిపై టీ చల్లింది. మూసిన సమయంలో ఆమే అవతలివైపు ఉండిపోవడం వల్ల, ఇంటికి చేరడానికి వీధులు చుట్టి రావలసి వచ్చింది. ఈ దారి వారికి ఎంత అవసరమో దీన్ని బట్టి తెలుస్తుంది."

"కుక్క సంగతి రాయలేదేటే?"

"మాటలు ఎక్కువైపోయాయి అత్తయ్యా."

"నా పేరు?"

"పేర్లు పెట్టకూడదు."

దాని కాలేజీలో వ్యాసం ఎంతమంది చదివారో తెలియదు కానీ, ఆ చిన్న అక్షరాలు మాత్రం అందరూ చదివారట. మా ఇంటికి వచ్చిన దాని స్నేహితులు ముందు నాకు దణ్ణం పెట్టి, తర్వాత గోడ మీద మరకలు ఎక్కడున్నాయని అడుగుతారు.

ఇక ఆఖరి ముక్క. పోయిన వేసవిలో నిజంగానే క్వార్టర్ల ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు, నీళ్ళ పైపు చూడడానికి. నేరుగా పెరట్లోకి నడిచాడు. దారి ముందు ఆగాడు. మా ఆయన లేచి నిలబడ్డారు. ఆ వచ్చినాయన తల ఒకవైపు వంచి దారిని పైనుంచి కిందికి చూసి, "అవతలివాళ్ళ పైపు కూడా చూడాలి, బగల్ వాలే కా పైప్ భీ దేఖ్‌నా హై. మంచి షార్ట్‌కట్ ఉందే, లేకపోతే అంత దూరం తిరగాలి," అని తల వంచి ఎస్తేరమ్మ ఇంట్లోకి దూరి వెళ్ళిపోయాడు.

మా ఆయన నా వంక చూశారు. తర్వాత లోపలికి వెళ్ళి, ప్లాంటులో పెట్టుకునే పసుపు హెల్మెట్ తెచ్చి నా తల మీద పెట్టారు. వాళ్ళు డ్యూటీ ఎక్కేముందు జాగ్రత్త ప్రతిజ్ఞ చేస్తారు కదా, అలాగ నన్ను గోడ ముందు నిలబెట్టి చెయ్యి చాపించారు. శిరీషా, కన్నంలోంచి తొంగిచూస్తున్న ఎస్తేరమ్మా సాక్షులుగా నేను గట్టిగా పలికాను:

"వరాలమ్మ అనే నేను, అడగకుండా ఇటుక మీద ఇటుక పెట్టను. నా కోడలు ఏ బొమ్మకి ఎర్రరంగు పూసినా గుండె పట్టుకోను. చూడని జీపుని ఎవరికీ చూపించను. తాగే టీని తాగుతానే తప్ప గోడకి పట్టించను. ఇవన్నీ తప్పి, ఎప్పుడైనా మళ్ళీ గోడ కట్టించవలసి వస్తే, ఆఖరి ఇటుక పెట్టేముందు నేను ఏవైపు ఉన్నానో ముందు చూసుకుంటాను."